ముక్కమ్మ గాలి మీటర్లు

సబ్బుల కారఖానాలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆమె ముక్కమ్మ. ఇరవై ఏడేళ్లపాటు సబ్బు ముద్ద అచ్చుల్లోకి వెళ్లే ముందు ఆమె దగ్గరకు వచ్చేది. కళ్లు మూసుకుని ఒక్కసారి పీల్చి, "మల్లె ఎక్కువైంది" అనో, "ఇది నిన్నటి నూనె కాదు" అనో చెప్పేది. ఆ మాటకు తిరుగుండేది కాదు.

పోయిన చలికాలంలో పది రోజులు జ్వరం కాసింది. జ్వరం తగ్గింది గానీ వాసన తిరిగి రాలేదు. వానకు తడిసిన మట్టి, ఉతికిన దుప్పటి, భర్త చొక్కా, అన్నీ అద్దానికి అవతల ఉన్నట్టు దూరమైపోయాయి. ఒకరోజు వంటగదిలో పాలు మాడిపోతుంటే, పక్కగదిలో ఆమె మబ్బుల్ని చూస్తూ కూర్చుండిపోయింది. భర్త బయటినుంచి వచ్చి, దగ్గుకుంటూ పొయ్యి కట్టేశాడు.

"ఇలాగైతే కష్టమే. గాలి ఎలా ఉందో చెప్పే మీటర్లు ఉంటాయట, చూసొద్దాం పద," అన్నాడు.

దుకాణదారు ఐదు మీటర్లు బల్ల మీద పెట్టాడు.

"ముందే చెప్తున్నానమ్మా, గ్యాస్ లీకైతే ఇవి పట్టుకోవు, దానికి వేరే అలారం తీసుకోండి. ఇంట్లోకైతే ఈ రకం మంచిది. పొగ, సన్న దుమ్ము చూపిస్తుంది. తలుపులు మూసిన గదిలో మన ఊపిరి ఎంత పేరుకుందో, రంగులూ సెంట్లూ లాంటి వాటి ఆవిరి ఎంతుందో కూడా చెప్తుంది."

"మరి బయటికి?" అంది ముక్కమ్మ.

"దుమ్ము చూపించేది చాలు. కాకపోతే వానకు తట్టుకోవాలి. చూరు కింద, ఎండ తగలని చోట బిగించుకోండి."

భర్త అట్టపెట్టెల మీది అక్షరాలు చదవబోతే ఆమె వారించింది. "అన్నిటినీ పక్కపక్కనే పెట్టి ఒక అరగంట వదిలెయ్ బాబూ."

అరగంటకు నాలుగింటి దుమ్ము అంకెలు ఇరవైకి అటూ ఇటూగా ఉన్నాయి. ఒకటి మాత్రం నలభై మూడంది.

"ఇది కంగారు మనిషి," అంటూ ఆమె దాన్ని పక్కకు జరిపింది. తర్వాత అగ్గిపుల్ల గీసి ఆర్పింది. మూడు మీటర్ల అంకెలు వెంటనే ఎగిరాయి. నాలుగోది తాపీగా కదిలింది. "ఇదేమో నిద్రమొహం." మిగిలిన మూడింట్లో ఇంట్లోకొకటి, బయటికొకటి తీసుకుంది.

ఆ తర్వాత రోజులు అంకెల మీద తేలిపోయాయి. పొద్దున లారీలు తిరిగేటప్పుడు చూరు కింది అంకె అరవై దాటేది. మధ్యాహ్నానికి పదిహేనుకు దిగేది. అప్పుడామె కిటికీలు బార్లా తెరిచేది. పరదా ఉబ్బి, చల్లగా చెంపను తాకేది. తెల్లవారేసరికి పడకగదిలో తమ ఇద్దరి ఊపిరీ పేరుకుని అంకె పెరిగిపోతోందని తెలిశాక, రాత్రిళ్లు గది తలుపు ఓరగా వేయసాగింది.

ఒక సాయంత్రం భర్త బల్ల దగ్గర కమలాపండు వలుస్తున్నాడు. దుమ్ము అంకె కదల్లేదు. ఆవిరి అంకె మాత్రం మెల్లగా పైకి పాకుతోంది. ముక్కమ్మ వంగి చూసింది. తొక్క విరిచినప్పుడల్లా ఇంకాస్త పెరిగింది. ఆమె కళ్లు మూసుకుని గట్టిగా పీల్చింది. ఏమీ తెలియలేదు. అయినా గది నిండా కమలాపండు ఉందని ఇప్పుడామెకు తెలుసు.

"ఏమైంది?" అన్నాడు భర్త.

"ఏం లేదు. ఇంకోటి వలవండి, నెమ్మదిగా."