బల్లకింద మేడమ్

దిల్‌సుఖ్‌నగర్‌లో మా మనవరాలికి కౌన్సెలింగ్ చేసిన మేడమ్‌కు ఒక అలవాటుండేది. పిల్లలు ఎక్కడ కూర్చుంటే తానూ అక్కడే కూర్చునేది. తానెక్కిన షేర్ ఆటో బోల్తాపడిన నాటినుంచి మా పిల్ల నోరు విప్పడం లేదు. గదిలోకి రాగానే బల్లకింద దూరింది. మేడమ్ కూడా కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని దూరింది.

"సార్, మీరొక్కరే కుర్చీల కూసుంటె ఎట్ల? జర లోపలికి రండి," అంది.

"నా మోకాళ్లు ఒప్పుకోవమ్మా."

"వాటిని గూడ తీస్కరండి."

దూరాను. ముగ్గురం బిస్కెట్లు తిన్నాం. తీరా లేవబోతే నా నడుము పట్టేసింది. మేడమ్ కొంగు నా కింద ఇరుక్కుని ఆమె కూడా కదల్లేకపోయింది. పిల్ల మాత్రం చకచకా బయటికి పాకి, మా ఇద్దర్నీ వంగి చూసింది.

"తాతయ్యా, ముందు నువ్వు పక్కకి దొర్లు!"

నెలల తర్వాత విన్న గొంతు. వినపడనట్టు నటించి, ఇంకోసారి చెప్పించుకుని దొర్లాను.