నానబెట్టిన కంకర

రాళ్ళు పగలగొట్టే యంత్రాన్ని అట్లపిండి రుబ్బే యంత్రంగా మార్చిన మనిషి ఉభయగోదావరి జిల్లాల్లోనూ ఒక్కరే ఉన్నారు. ఆవిడే ఈ నాలుగు ముక్కలూ రాస్తోంది. ఈ కథ మా వారి నోట వింటే నాలుగు లారీల బురద అంటారు. మా ఆడపడుచు నోట వింటే గోదావరి గట్టు తెగినంత బురద అంటుంది. ఇద్దరినీ నమ్మకండి. వచ్చిన బురద ఒకటిన్నర టిప్పర్లు. పరువు పోయినప్పుడు కూడా లెక్క పోకూడదన్నది నా పద్ధతి.

అప్పుడు నాకు యాభై ఆరేళ్ళు. ఇప్పుడు అరవై తొమ్మిది. ఇక్కణ్ణుంచి చూస్తే అది పసితనమే కాబట్టి, చిన్నపిల్ల చేసిన పనిగా క్షమించి చదవండి.

మాది తణుకు దగ్గర వరి పండించే కుటుంబం. కాలవ నీళ్ళతో పుట్టి, కాలవ నీళ్ళతో పెరిగినవాళ్ళం. మాకు ఏ కష్టం వచ్చినా మందు ఒకటే, నీళ్ళు. చేను ఎండితే నీళ్ళు పెడతాం. కలుపు లేస్తే నీళ్ళు నిలగడతాం. చంటిపిల్ల ఏడిస్తే నీళ్ళు పోస్తాం. మగవాళ్ళు పోట్లాడుకుంటే మధ్యలో చెంబెడు మంచినీళ్ళు పెట్టి పక్కకి తప్పుకుంటాం. అలాంటి ఇంట్లో ఉన్న మా వారు, ఉన్నట్టుండి కోరుకొండ అవతల మెట్ట భూమిలో ఒక స్టోన్ క్రషర్ కొన్నారు. చేపని కొబ్బరిచెట్టు ఎక్కించినట్టయింది నాకు. అయినా నెల తిరిగేసరికి అక్కడి రేకుల షెడ్డులో పెద్ద కుర్చీ నాదే.

క్రషర్ అంటే తెలియనివారికి చెబుతాను. రెండు ఇనుప దవడలుంటాయి. ఒకటి కదలదు, ఒకటి ఆపకుండా ఆడుతుంది. ఏ ఇంట్లో దంపతులనైనా తలుచుకోండి, అర్థమైపోతుంది. పైనుంచి బండరాళ్ళు పడితే కిందికి ముక్కలై దిగి బెల్టు ఎక్కుతాయి. బెల్టు వాటిని తీసుకెళ్ళి ఊగే జల్లెడ మీద పోస్తుంది. ఇరవై ఎం.ఎం. చిప్స్ ఒకవైపు, పన్నెండు ఒకవైపు, ఆరు ఒకవైపు, రాతిపొడి అడుగున. కన్నాల్లో దిగని పెద్ద ముక్క వెనక్కి వెళ్ళి మళ్ళీ నలుగుతుంది. ఎంత న్యాయమైన యంత్రం! దానికున్న లోపం ఒక్కటే, దుమ్ము. మధ్యాహ్నానికి మా ఫోర్‌మన్ సత్తిబాబు మీసాలు నెరిసిపోయేవి. సాయంత్రం స్నానం చేశాక మళ్ళీ నల్లబడేవి. పక్కతోట రైతు వారానికోసారి వచ్చి, "అమ్మగారండీ, మా జీడిమామిడి చెట్లు పౌడరు రాసుకుని పెళ్ళిచూపులకి రెడీగా ఉన్నాయండి, ఓసారి వచ్చి చూడండి" అని వెళ్ళేవాడు.

దుమ్ము అణచడానికి దవడల మీద నాలుగు సన్నటి నాజిల్స్ లేకపోలేదు. పెళ్ళిపందిట్లో పన్నీరు చల్లినట్టు చల్లేవి. అంత పెద్ద యంత్రానికి ఆ తుంపర చూస్తే, ఏనుగుకి ఉగ్గుగిన్నెతో నీళ్ళు పట్టినట్టుండేది. పిసినారితనం నాకు నచ్చదు, అందులోనూ నీళ్ళ దగ్గర.

సరిగ్గా అప్పుడే మా ఆడపడుచు వరలక్ష్మి ధవళేశ్వరంలో ఇల్లు కట్టుకుంటోంది. గురువారం ఉదయం తొమ్మిదిన్నరకి స్లాబు ముహూర్తం. కంకర ఇంకెవరికో చెప్పారని తెలిసి వెంటనే ఫోన్ చేశాను.

"నీకెందుకు శ్రమ అని వేరేచోట చెప్పేశాం వదినా."

"ఇంట్లో క్రషర్ పెట్టుకుని, ఆడపడుచు పరాయి కంకరతో స్లాబు వేసుకుంటే నేను నలుగురిలో తలెత్తుకోవాలా వద్దా? అది వద్దని చెప్పెయ్. టిప్పర్ నిండా ఇరవై ఎం.ఎం. నేను పంపిస్తాను. పుట్టింటి సారె అనుకో."

"సారెంటే చీర పెడతారు గానీ కంకర పెడతారా వదినా?"

"చీర చిరుగుతుంది. కంకర చిరుగుతుందా?"

"సరేగానీ, టైముకి వచ్చేస్తుందా? స్లాబు మొదలెట్టాక మధ్యలో ఆపకూడదంట. ఈ ముహూర్తం తప్పితే మళ్ళీ ఆషాఢం వెళ్ళేదాకా లేదంట. అద్దింట్లో మా అత్తగారు రోజూ మెట్లు ఎక్కలేక ఏడుస్తోంది."

"వరలక్ష్మీ, నేను టైము తప్పడం నువ్వెప్పుడైనా చూశావా?"

చూడలేదు. అందుకే నమ్మింది. వాళ్ళు మాట్లాడుకున్న కంకర వద్దనేసింది. మంగళవారం అత్తగారిని తీసుకొచ్చి మా క్రషర్ చూపిస్తానని కూడా అంది. చుట్టాలొస్తున్న రోజున దుమ్ములో కూర్చోబెడితే ఏం మర్యాద? సోమవారం కుర్చీలో కూర్చుని ఆలోచించాను. ఆలోచన రాకపోయినా బాగుండేది. వచ్చింది.

"సత్తిబాబూ, మీ ఆవిడ మినప్పప్పు ఎలా రుబ్బుతుందయ్యా?"

"గ్రైండర్లోనండి."

"అది కాదు. నానబెట్టా, నానబెట్టకుండానా?"

"నానబెట్టేనండి, ఆయ్."

"నానబెట్టిన పప్పు రుబ్బితే దుమ్ము లేస్తుందా?"

"ఎందుకు లేస్తుందండి?"

"మరి మనం రాయిని పొడిగా ఎందుకు రుబ్బుతున్నాం?"

సత్తిబాబు రెండు చేతులూ జోడించాడు. "అమ్మగారండీ, ఇన్నేళ్ళుగా ఇన్ని క్రషర్లు చూశానండి. ఈ ముక్క ఒక్కడికీ తట్టలేదండి!"

లోకంలో ఎవరికీ తట్టని ఆలోచన మనకి తట్టిందంటే దానికి రెండు అర్థాలుంటాయి. ఆ రోజు నేను మొదటిది తీసుకున్నాను.

మా వారు మాత్రం గొణిగారు. "రాజమండ్రి మెకానిక్‌ని ఒకసారి అడిగితే పోయేదేముంది?"

"ఆయనకి నీళ్ళ గురించి ఏం తెలుసండీ? ఆయనది మెట్ట ఊరు."

డెల్టాలో పుట్టినవాడు ఎవడూ ఆ మాట కాదనలేడు. ఆ సాయంత్రమే నాజిల్స్ పీకించి, బోరు నుంచి రెండంగుళాల పైపు తెచ్చి సరాసరి దవడల నోట్లో పెట్టించాను. దవడల పైన బండలు పోసే హాపర్లో ఉన్నవాటికి కూడా రాత్రంతా నీళ్ళు వదలమన్నాను. నానాలి కదా.

మంగళవారం పదింటికి వరలక్ష్మి, వాళ్ళాయన, అత్తగారు కారు దిగారు. మా వారు ఇస్త్రీ పంచె కట్టుకుని ఎదురెళ్ళారు. నేను స్విచ్చు వేయించాను. దవడలు ఆడాయి, బెల్టు కదిలింది, జల్లెడ ఊగింది. దుమ్ము? చిటికెడు లేదు. జీడిమామిడి తోట రైతు కంచె దగ్గరికి వచ్చి కళ్ళు నులుముకున్నాడు.

"ఏంటండీ అమ్మగారూ, ఇవాళ మిషన్ ఆడట్లేదా?"

"చెవులు పని చేస్తున్నాయా? ఆడుతోంది, విను."

"చప్పుడుందండి, దుమ్ము లేదండి. మంత్రం ఏమన్నా వేశారాండి?"

వరలక్ష్మి అత్తగారు నా గడ్డం పుచ్చుకుని, "ఎంత తెలివమ్మా! ఇంజినీరు చదవాల్సిన పిల్లవి" అంది. ఆ సంతోషం పావుగంట నిలిచింది.

నీరు పల్లమెరుగు అంటారు. నా నీరు జల్లెడ కూడా ఎరిగింది. రాతిపొడి తడిసి ముద్దయి, ఆ ముద్ద జల్లెడ కన్నాల్లో ఒకటొకటిగా కూర్చుంది. ఇక ఏ రాయీ కిందికి దిగలేదు. ఇరవైదీ పెద్దదే, పన్నెండుదీ పెద్దదే అని ఆ న్యాయమైన యంత్రం అన్నిటినీ వెనక్కి పంపింది. అవి మళ్ళీ నలిగి, మళ్ళీ తడిసి, మళ్ళీ జల్లెడ ఎక్కి, మళ్ళీ వెనక్కి. మొక్కుకున్నట్టు ప్రదక్షిణాలు మొదలెట్టాయి. తిరిగినకొద్దీ పొడి పెరిగింది, పొడి పెరిగినకొద్దీ పిండి పెరిగింది. దుమ్ము అణగాలంటే మంచులాంటి తుంపర చాలు. రాయి కడగాలంటే వరద కావాలి. నేను ఇచ్చింది ఈ రెండూ కాదు, సరిగ్గా పిండి కలపడానికి ఎంత కావాలో అంత. వంటింటి చెయ్యి కదా, కొలత తప్పలేదు.

"వదినా, అదేంటి, జల్లెడ మీంచి జారుతోంది?"

"చిప్సే."

"చిప్స్ అలా సాగుతాయా?"

అప్పుడు తడిసిన బెల్టు జారింది. పైన పేరుకున్న పిండి అంతా ఒక్కసారి కదిలి, గుడిగోపురం అంత ఎత్తు నుంచి (సరే, పదడుగులు) ధబేలున పడింది. మా వారు కింద నిలబడి చుట్టాలకి యంత్రం భాగాలు వివరిస్తున్నారు. పంచె, కండువా, మనిషి, మూడూ ఒకే రంగు అయిపోయాయి. మోటారు ఒకసారి మూలిగి ఆగిపోయింది. వరలక్ష్మి అత్తగారు చుట్టూ చూసి కోడల్ని అడిగింది.

"మీ అన్నయ్యేడే?"

"ఆ నిలబడ్డది అన్నయ్యేనండి."

మా వారు కళ్ళు మాత్రం తెరిచి, "అట్టు పోస్తావా, గారెలు వండుతావా? పిండి రెడీ అయింది" అన్నారు.

సత్తిబాబు నా పక్కకి చేరి నెమ్మదిగా, "నాకు నిన్ననే అనుమానం వచ్చిందండి" అన్నాడు.

"మరి దణ్ణం ఎందుకు పెట్టావయ్యా?"

"అనుమానం వచ్చే పెట్టానండి, ఆయ్."

పైపు కట్టేయించాను. హాపర్లో రాయి అప్పటికే నానిపోయింది కాబట్టి ఇనుప చువ్వలతో కన్నాలు పొడుస్తూ, ఆపుతూ, నడుపుతూ చీకటిపడే వేళకి ఎలాగో ఒక టిప్పర్ ఇరవై ఎం.ఎం. తీశాం. ప్రతి ముక్కకీ బురద పూత. పాకం పట్టిన వేరుశనగ గుళ్ళలా ముద్దొచ్చేట్టు ఉన్నాయి. మిగిలింది, ముందే మనవి చేసుకున్నాను, ఒకటిన్నర టిప్పర్ల పిండి. మర్నాటికి జల్లెడ కన్నాలన్నీ ఎండి గచ్చయిపోయాయి. ఇక ఉలితో చెక్కడం తప్ప నడపడానికి లేదు.

బుధవారం పొద్దున్నే ఆ టిప్పర్‌తో నేనే ధవళేశ్వరం వెళ్ళాను. తల దించుకుని కాదు, ముందు సీట్లో కూర్చుని. స్లాబు చూసే ఇంజినీరు కుర్రాడు ఒక ముక్క తీసుకుని వేలితో గీకాడు.

"ఇది కుదరదండి. ఈ పూత ఉంటే సిమెంటు రాయిని పట్టుకోదండి."

"పైపూతే కదా బాబూ. లోపల మంచి రాయి."

"మంచిదేనండి. కానీ సిమెంటుకి లోపలి సంగతి తెలీదు కదండి."

వరలక్ష్మి నా వైపు చూసింది. తిట్టినా బాగుండేది. తిట్టలేదు. "ఆషాఢం వెళ్ళేదాకా ఆగుదాంలే వదినా" అంది. వెనకాల అత్తగారు అద్దింటి మెట్లు గుర్తొచ్చినట్టు మోకాళ్ళు నిమురుకుంది.

అన్ని క్రషర్లకీ ఫోన్లు చేశాను. ముందు మాట్లాడుకున్నవాళ్ళు ఆ సరుకు ఎవరికో ఇచ్చేశారు. మిగిలినవాళ్ళు రోడ్డు పనికి తోలుతున్నారు, శనివారం దాకా కుదరదన్నారు. ఫోన్ పెట్టేసి ఇంజినీరుని అడిగాను.

"కడిగితే ఒప్పుకుంటావా?"

"టిప్పర్ కంకరాండి?"

"ఒప్పుకుంటావా లేదా?"

"శుభ్రంగా ఉంటే ఎందుకు ఒప్పుకోనండి?"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. మేము అడుసు తొక్కలేదు, తయారుచేశాం. కాలు కాదు, కంకర కడిగాం. స్లాబు భోజనాలకని ఒకరోజు ముందే దిగిన చుట్టాలు పదహారుమంది ఉన్నారు. కూలీలు ఏటవాలుగా ఇనుప వల పెట్టి పైపుతో వరద వదిలారు. ఈసారి కొలత నేను వేయలేదు. వలమీద బురద వదలని ముక్కల్ని చుట్టాలు ఇనుప తట్టల్లో పోసుకుని, బియ్యం కడిగినట్టు చేత్తో తిప్పి తిప్పి కడిగారు. తిలాపాపం తలా తట్టెడు.

"కడుగు నీళ్ళు తేటగా వచ్చేదాకా మూడుసార్లు కడగాలే," అని ఒక పిన్ని.

"కుక్కర్లో ఎన్ని విజిల్స్ పెట్టమంటారు పిన్నీ?" అని ఇంకో కోడలు.

"వదినగారి సారె మరి! పట్టుచీర పెడితే డ్రై క్లీనింగ్‌కి ఇచ్చేవాళ్ళం," అని వరలక్ష్మి భర్త. అతను అంతవరకూ నాతో నోరెత్తి ఎరగడు.

నేను పైట బిగించి అందరికన్నా ఎక్కువ తట్టలు కడిగాను. ఇరవైఒకటి. మా వారు పద్దెనిమిది అంటారు, ఆయన కాఫీకి వెళ్ళినప్పటివి ఆయన లెక్కలో లేవు. దీపాలు పెట్టే వేళకి కంకర నల్లగా, నిగనిగలాడుతూ గుట్టయింది. ఇంజినీరు ఒక ముక్క గీకాడు, ఇంకోటి గీకాడు, వేలు చూసుకున్నాడు.

"ఇంత శుభ్రమైన మెటీరియల్ నేనెక్కడా చూడలేదండి."

గురువారం తొమ్మిదిన్నరకి మొదటి బొచ్చె కాంక్రీటు పడింది. నేను వాచీ చూశాను. తొమ్మిదీ ఇరవైతొమ్మిది. టైము తప్పలేదని వరలక్ష్మికి గుర్తు చేశాను. స్లాబు ఆగకుండా సాగి మధ్యాహ్నానికి పూర్తయింది. అత్తగారు కిందనుంచే కొబ్బరికాయ కొట్టి, "ఇక నాకు మెట్లు లేవు" అని కళ్ళు తుడుచుకుంది. ఆషాఢం వెళ్ళేదాకా ఆగాల్సిన పని లేకపోయింది.

ఆ తర్వాత అందరం భోజనాలకి కూర్చున్నాం. వంకాయ కూర, ముక్కల పులుసు, సొంత పొలం బియ్యంతో వేడివేడి అన్నం. నా పక్కనే వరలక్ష్మి. మొదటి ముద్ద పెట్టుకుంది. కటుక్కుమని చప్పుడు. పంక్తిలో అందరూ ఆగిపోయారు. అప్పుడు తట్టింది మా అందరికీ. బుధవారం బియ్యం ఏరి చెరగాల్సిన ఆడవాళ్ళందరం కంకర కడుగుతున్నాం. ఏరని బియ్యం అలాగే ఎసట్లో పడ్డాయి.

వరలక్ష్మి నోట్లోంచి రాయి తీసి, ఆకు అంచున పెట్టి, నా వైపు తిరిగింది.

"వదినా, ఇది ఎన్ని ఎం.ఎం.?"

నేను కళ్ళజోడు పెట్టుకుని దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. లెక్క తప్పి చెప్పడం నాకు చేతకాదు.

"రెండున్నర ఉంటుందమ్మా. స్లాబుకి పనికిరాదు."

పంక్తి పంక్తంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వులో మా వారు నాచేత, విస్తరి ముందు కుడిచెయ్యి చాపించి, పదహారుమంది చుట్టాల సాక్షిగా ఒట్టు వేయించారు. అది ఈనాటికీ తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను. మీరూ సాక్షులుగా ఉండండి. ఈ జన్మలో ఏ రాయి ఎంత దాహంగా నా వైపు చూసినా సరే, మెకానిక్‌ని అడక్కుండా దానికి గుక్కెడు నీళ్ళు పొయ్యను.