అత్తకు లేని ఎడ్లు

నా చిన్నప్పుడు మా ఊరు బరంపురానికి ఎంత దగ్గరంటే, అక్కడ ఎవరింట్లోనైనా పోపు వేస్తే మా ఊరంతా తుమ్మేది. ఎంత దూరమంటే, అక్కడి కరెంటు మా దాకా నడిచి రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. గోపాల్‌పూర్ రోడ్డు మీద బస్సు దిగి జీడితోట వెంబడి అరగంట నడిస్తే మా ఇళ్లు. తెల్లవారేసరికి మగవాళ్లంతా సైకిళ్లెక్కి పట్నం పోయేవారు. అక్కడ ఒక కూడలిలో పారలు పట్టుకుని, ఏ మేస్త్రీ అయినా వచ్చి పనికి పిలుస్తాడేమోనని నిలబడేవారు. ఆ తర్వాత మా ఊళ్లో మిగిలేవి ముసలివాళ్లు, కోళ్లు, మా తాతయ్య ఆజ్ఞలు. పొలాలు అప్పటికే పట్నంవాళ్లు కొనేసుకున్నారు. వాటిలో హద్దురాళ్లు తప్ప ఇంకేమీ పండేవి కాదు.

మా తాతయ్య వార్డు మెంబరు. పంచాయతీ సమావేశానికి వెళ్లి వచ్చాడంటే ఢిల్లీ నుంచి దిగినట్టు కాళ్లు కడుక్కునేవాడు. ఆయన దగ్గితే ఊరికి రోడ్డు పడుతుందని నేను చాలా కాలం నమ్మాను. ఆయన చాలా దగ్గాడు. రోడ్డు మాత్రం పడలేదు.

మా మేనత్త, అంటే తాతయ్య కూతురు, మా పెరట్లోనే వేరే పాకలో వేరే పొయ్యి పెట్టుకుని ఉండేది. మామయ్య సూరత్ మగ్గాలకు పోయాడు. మొదటి ఏడాది ఉత్తరాలు వచ్చాయి, రెండో ఏడాది కబుర్లు వచ్చాయి, ఆపైన ఏమీ రాలేదు. అత్తకు పుట్టుకతోనే ఎడమకాలు కురచ. ఆ కాలితోనే ఆమె మోసిన మట్టినంతా ఒకచోట పోస్తే మహేంద్రగిరికి తోడుగా ఇంకో కొండ లేచేది. వేసవి వస్తే పంచాయతీవాళ్లు మట్టిపని పెట్టేవారు. కాలువ పూడిక తీయడం, గట్లు ఎత్తు చేయడం, అలాంటివి. పనికి వచ్చేవాళ్ల పేర్లు రాసి పంచాయతీ గోడకు అంటించేవారు. పేరుంటే పని ఉన్నట్టే. పట్నం కూడలిలో మేస్త్రీలకు కళ్లుంటాయి. అత్త రెండడుగులు వేయగానే మొహం తిప్పుకునేవారు. గోడమీది కాయితానికి కళ్లు లేవు. ఆ నాలుగు నెలల పనితోనే అత్త ఏడాదంతా పొయ్యి వెలిగించేది.

ఒక చలికాలం తాతయ్య సమావేశం నుంచి రొప్పుతూ వచ్చాడు. పట్నం చుట్టూ ఉన్న ఊళ్లను లెక్క తీస్తున్నారట. పనిచేసేవాళ్లలో ఎక్కువమంది పొలం మీద బతికితే అది ఊరు, లేకపోతే అది పట్నం. పట్నమైతే పంచాయతీ పోతుంది, పంచాయతీతో పాటు మట్టిపనీ పోతుంది. "అంతే మన సిట్టెమ్మకి సేతిలో తట్ట పోద్ది," అన్నాడు. సిట్టెమ్మ అంటే మా అత్తే. ఆమె అసలు పేరు అది కాదు, ఆయన ముద్దుకి అలా పిలిచేవాడు.

అప్పుడు మా ఊరు పల్లెటూరి వేషం కట్టింది. అంతకుముందు ఏ నాటకం కంపెనీ కూడా అంత కష్టపడి ఉండదు. లెక్కలబాబు వచ్చే రోజు ఎవరూ పట్నం పోకూడదని తాతయ్య చాటింపు వేయించాడు. ఇటికలు మోసేవాళ్లు తలపాగాలు చుట్టారు. పట్నంలో హోటల్లో ప్లేట్లు కడిగే మా పక్కింటి అన్న నాగలి పట్టుకోవడం మూడు రోజులు నేర్చుకుని, మూడోరోజు కూడా తిరగేసే పట్టుకున్నాడు. ఊళ్లో ఎడ్లు లేవు కనుక చికిటి వైపు పల్లెల నుంచి ఒక జతను అరువు తెచ్చారు. లెక్కలబాబు ముందు గుమ్మం నుంచి ఒక ఇంట్లోకి వచ్చేసరికి, ఆ ఎడ్లు పెరటి దారిన పక్కింటికి పోయి నెమరు వేస్తూ ఉండాలి. మధ్యాహ్నానికల్లా ఆ జత పదకొండు ఇళ్ల ఎడ్లయింది. కుడివైపు ఎద్దుకు ఒక కొమ్ము లేదు. పదకొండు ఇళ్లలోనూ లేదు. లెక్కలబాబు కళ్లజోడు తుడుచుకున్నాడే కానీ ఏమీ అనలేదు. ఆయనకూ బస్సు పోతుందనే తొందర ఉంది.

చివరి ఇల్లు అత్త పాక. ఎడ్లు అలిసిపోయి చింతచెట్టు కింద కూలబడ్డాయి, ఎంత లాగినా లేవలేదు. అత్త గుమ్మంలో నిలబడింది. ఆమెకు చెప్పింది ఒకటే: పొలం పని అనాలి. లెక్కలబాబు అడిగాడు, ఆమె పొలం పని అంది. సొంత పొలమా, కూలికా అని అడిగాడు. అత్తకు అబద్ధం చెప్పడం రాదు. ఆమె కిందికి చూస్తూ కాలి బొటనవేలితో నేల గీస్తోంది. ఊరు పట్నమైపోతోంది, కాలువ పూడిపోతోంది, అత్త చేతిలో తట్ట జారిపోతోంది అని నాకు అనిపించింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఒడియా బడిలో వాచకం గుక్క తిప్పుకోకుండా చదివే పిల్లని. పరికిణీ ఎగ్గట్టి ముందుకు దూకి, సొంత పొలమే బాబూ, మా అత్తకు "దుయి హళ బళద" అన్నాను. అంటే రెండు జతల ఎడ్లు. ఊరందరికీ ఒక్కో జత ఉన్నప్పుడు, మా అత్తకు రెండు లేకపోతే నాకు నామోషీగా ఉండదా?

ఆయన రాసుకున్నాడు. అత్త నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. వంటింట్లో ఏదో మాడుతున్న వాసన వచ్చి, అదేమిటో ఇంకా తెలియనివాళ్లు చూసే చూపు అది. తాతయ్య మాత్రం పొంగిపోయాడు. "నోరంటే ఇదిరా. ఈ గుంటని కలకటరు సేత్తాను," అని ఊరంతా వినేలా అన్నాడు. ఆ సాయంత్రం నాకు రెండు బెల్లం జీళ్లు కొనిపెట్టాడు. ఒకటి చాలు, కానీ నాకు అప్పటినుంచే అన్నీ రెండు కావాలి.

మేం గెలిచాం. మా ఊరు ఊరుగానే ఉండిపోయింది. తాతయ్య మీసం ఒక జానెడు పెరిగింది. వేసవిలో పంచాయతీ గోడకు కొత్త కాయితం అంటించారు. మట్టిపని ఇకమీదట భూమి లేని కూలివాళ్లకేనట, ఎవరు రైతో ఎవరు కూలో ఆ లెక్కలో రాసినదాన్ని బట్టేనట. మా ఊళ్లో అత్తతో కలిపి పన్నెండు ఇళ్లు రైతులైపోయాయి. మిగతా పదకొండిళ్లలోనూ సైకిలెక్కి పోగలిగిన మగవాడు ఉన్నాడు. అత్తకు సైకిలూ లేదు, మగవాడూ లేడు. ఆమె రెండు జతల ఎడ్లున్న పెద్దరైతు.

తాతయ్య అత్తను, నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయాడు. గుమాస్తా కాయితం తీసి చూపించాడు. తాతయ్య కండువా చంకలో పెట్టుకుని, ఆ ఎడ్లు అబద్ధం బాబూ, పసిపిల్ల తెలీక అంది అన్నాడు. గుమాస్తా చెడ్డవాడు కాదు. నెమ్మదిగానే అడిగాడు: ఈ ఎడ్లు అబద్ధమైతే, మిగతా పదకొండు ఇళ్ల ఎడ్లు నిజమేనా? ఒక్క గీత కొట్టాలంటే మీ ఊరి లెక్కంతా మళ్లీ తీయమని పైకి రాయాలి. రాయమంటారా?

రాయమంటే ఊరు పట్నమవుతుంది, పంచాయతీ పోతుంది, తాతయ్య మెంబరుగిరీ పోతుంది. వద్దంటే అత్త పని పోతుంది. ఆ గదిలో పంకా ఒకటి కీచుమంటూ తిరుగుతోంది. నేను తాతయ్య నోరు చూస్తూ నిలబడ్డాను. సమావేశాల్లో గుక్క తిప్పుకోకుండా మాట్లాడే నోరు అది. అది తెరుచుకోలేదు. ఆయన అత్త వైపు చూడలేదు. అత్తే ముందుగా లేచింది. "ఎల్లిపోదాం నాన్నా. ఎండెక్కిపోతంది," అంది. దారి పొడుగునా ఆమె కాలు ఈడ్చిన చప్పుడు మా వెనకాల వస్తూనే ఉంది.

మర్నాటి నుంచి అత్త కూడా పట్నం కూడలికి పోవడం మొదలుపెట్టింది. అల్యూమినియం డబ్బాలో చద్దన్నం, ఉల్లిపాయ పెట్టుకుని, కోడి కూయకముందే బయల్దేరేది. రోడ్డు దాకా మాకు అరగంట అయితే ఆమెకు గంట. వెళ్తూ వెళ్తూ నా జడ లాగి, "రెండు జతలకీ నువ్వే మేత ఎయ్యాల, ఇనపడిందేటి పెద్దరైతు మేనగోడలా," అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఆ మాటలో ముల్లు ఉందో లేదో ఈ రోజుకీ తేల్చుకోలేకపోయాను.

చాలా రోజులు పదింటికల్లా తిరిగి వచ్చేసేది. డబ్బా నా చేతికిచ్చి, "తినీ గుంటా, నాకాకలి నేదు," అనేది. నేను తినేసేదాన్ని. అంత రుచి గల చద్దన్నం మళ్లీ ఎక్కడా తినలేదు. అత్తకు పట్నం పని బాగా కలిసొచ్చిందని, అందుకే నాకు రోజూ అన్నం మిగులుస్తోందని బడిలో చెప్పుకుని మురిసిపోయాను కూడా. అన్నం నిండుగా ఉన్న డబ్బా అంటే ఆ రోజు ఆమెను ఎవరూ పిలవలేదని అర్థం. అది నాకు తెలియడానికి రెండు వేసవులు పట్టింది. తెలిసిన రోజు డబ్బా తెరవలేకపోయాను. అత్త తనే మూత తీసి, నా ముందు పెట్టి, పాకలోకి వెళ్లి పడుకుంది.

ఆమె జుట్టు నెరిసేదాకా ఆ కూడలికి పోతూనే ఉంది. తాతయ్య రెండుసార్లు మళ్లీ మెంబరయ్యాడు. పోయేముందు ఆయన నన్ను పిలిచి ఏదో చెప్పబోయాడు. దగ్గు వచ్చింది.

ఇప్పుడు మా ఊరిని నిజంగానే పట్నంలో కలుపుతారట. ఈసారి లెక్కలవాళ్లు కాయితాలతో కాదు, పలకలాంటి ఫోన్లతో వస్తున్నారు. నేను చదువుకున్నదాన్ననీ, మాటకారిననీ ఊరివాళ్లు ఏం చెప్పమంటావని అడగడానికి వచ్చారు. రైతులమంటే కూలిపని పోతుంది, కూలివాళ్లమంటే ఇంకేదో పోతుంది. ఏం చెబితే ఏం పోతుందో ఎవరికీ తెలియదు. కథలు రాసి గోరంత విషయాన్ని కొండంత చేయడమే బతుకుతెరువుగా పెట్టుకున్న నా నోట్లోంచి ఒక్క మాట రాలేదు. వాళ్లు కాసేపు కూర్చుని, టీ తాగి వెళ్లిపోయారు.

పొద్దుట పదింటప్పుడు పని ఉన్నా లేకపోయినా ఆటోలో ఆ కూడలి మీదుగా పోతుంటాను. ఎవరూ పిలవని ఆడవాళ్లు అప్పుడే ఇళ్లకు మళ్లుతుంటారు. చేతిలో డబ్బా వేలాడే తీరు చూస్తే చాలు, నిండుదో ఖాళీదో నాకు తెలిసిపోతుంది. ఇప్పటిదాకా చెప్పినదాంట్లో ఎంత కావాలంటే అంత తగ్గించుకోండి. ఈ ఒక్కటి మాత్రం నేను పెంచి చెప్పలేదు.