నూట ఏడో నంబరు మనిషి

మా ఆఫీసులో అందరూ మా వదినను తాళాలావిడ అంటారు. నిజానికి ఆవిడ దగ్గర ఒక్క తాళంచెవి కూడా ఉండదు. పన్నెండు మందిమి పంచుకునే పెద్ద కంప్యూటరు ఒకటుంది. అందులో ఎవరు ఏ ఫోల్డరు తెరవొచ్చు, ఎవరు చూడొచ్చు గానీ ముట్టుకోకూడదు, ఎవరికి ఎంత చోటు అన్నవన్నీ ఆవిడే నిర్ణయించి పెడుతుంది. ఎంత పిసినారో చెప్పలేను. చోటు అయిపోయింది వదినా, కాస్త పెంచు అని బతిమాలితే, ముందు నువ్వు దాచుకున్న పిల్లి వీడియోలు తీసెయ్ అంటుంది, అది కూడా హాలంతా వినేలా. ఆడపడుచునన్న మొహమాటం ఏ కోశానా లేదు. తనకు మాత్రం అందరికంటే తక్కువ చోటు పెట్టుకుంది, మేం నోరెత్తకుండా.

మా పని పాత ఇళ్ల కొలతలు తీసి ప్లాన్లు గీయడం. కొలతలు తీసేది మా అన్నయ్య. ఆ మనిషికి కాగితం మీద రాసే అలవాటే లేదు. చిన్న రికార్డరు జేబులో వేసుకుని గది గదీ తిరుగుతూ పైకి చెప్పేవాడు: తలుపు నుంచి కిటికీ మూడు మీటర్ల నలభై, కిటికీ గట్టు తొంభై, ఇక్కడ గోడ ఉబ్బింది. వదిన ప్రతి సోమవారం ఆ రికార్డరులో ఉన్నదంతా కంప్యూటర్లోకి ఎక్కించేది. మేం హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఆ గొంతు వింటూ గీసేవాళ్లం. పద్నాలుగేళ్ల పాటు, కంటితో చూడని ఇళ్లలో అన్నయ్య వెనకాలే నడిచాం.

పోయినేడాది అన్నయ్య పోయాడు. మూడు నెలలు మంచం మీదే ఉన్నాడు.

ఎవరు ఎంత చోటు వాడుతున్నారో చెప్పే జాబితా నెలనెలా మేనేజరుకు వెళుతుంది. అందులో అన్నిటికంటే పైన అన్నయ్య పేరే కనిపించింది. ఆ ఇళ్ల ప్లాన్లన్నీ గీసేశాం కదమ్మా, ఇక తీసెయ్యండి అని మేనేజరు వదినతో చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు, మంచివాడే. అయినా నాకు ఒళ్లు మండింది. వదిన మాత్రం సరేనంది.

సరే అంది గానీ చెయ్యలేదు. ఇంట్లో అన్నయ్య ఫొటోలున్నాయి, చొక్కాలున్నాయి, గొంతు మాత్రం ఆ కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా లేదు. అది కూడా పోతే మనిషి పూర్తిగా పోయినట్టే అని ఆవిడ బాధ. అలాగని ఒక్కటైనా విందా అంటే, లేదు. వినడానికి భయం, తీసెయ్యడానికి అంతకంటే భయం.

అందుకని ఒక తెలివైన పని చేసింది. అలాగే అనుకున్నాం అప్పుడు. మెషిన్‌కు మన పేర్లతో పనిలేదు, ఒక్కొక్కరం ఒక్కో నంబరు. అన్నయ్యది నూట ఏడు. వదిన ఆ నంబరు పక్కనున్న అన్నయ్య పేరు ఒక్కటే కొట్టేసి ఫైళ్లను అలాగే వదిలేసింది. జాబితాలోకి ఎక్కేది పేరున్నవాళ్లే. పొరపాటున పోతే మళ్లీ తెచ్చుకోవడానికి రోజూ నకలు తీసేది కూడా పేరున్నవాళ్లవే. అలా నూట ఏడో నంబరు ఫైళ్లు ఎవరివీ కాకుండా, ఎవరికీ కనిపించకుండా ఎనిమిది నెలలు పడున్నాయి. ఈ సంగతి ఆవిడకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత ఒక కొత్తావిడ ప్లాన్లు గీయడానికి చేరింది. ఇద్దరు పిల్లల తల్లి, నెమ్మదైన మనిషి. వదిన ఆవిడ పేరు మెషిన్‌లో ఎక్కించింది. ఖాళీగా ఉన్న నంబరు ఏదో చూసి మెషినే వేసుకుంది. ఏ నంబరు వేసిందో వదిన చూడలేదు.

మర్నాడు పొద్దున్నే కొత్తావిడ నా బల్ల దగ్గరికొచ్చింది. ఇంకా ఏమీ దాచలేదండీ, అప్పుడే చోటు నిండిపోయిందంటోంది అంది. వదిన పిసినారితనం ఇంతదాకా వచ్చిందా అని నవ్వుకుంటూ వెళ్లాను. తెర నిండా వందల కొద్దీ ఫైళ్లు. ప్రతిదాని పక్కనా యజమాని అన్న చోట కొత్తావిడ పేరే ఉంది. ఆవిడ ఒక తేదీ మీద వేలు పెట్టింది.

"ఈ తేదీకి నాకింకా పెళ్లి కూడా కాలేదండీ. ఇవి నేనెప్పుడు చేశాను?"

ఒక హెడ్‌ఫోను తీసి నా చెవి దగ్గర పెట్టింది. వంటగది, పొడవు రెండు మీటర్ల ఎనభై, అన్నాడు మా అన్నయ్య. పక్కనే నిలబడి అన్నట్టు, ఊపిరితో సహా. మెషిన్ ఆవిడకు వేసింది నూట ఏడో నంబరే. ఒక్క ముక్క మాట్లాడకుండా వదిన కోసం పైకి పరిగెత్తాను. ముట్టుకోకండి అన్న ఒక్క మాట కొత్తావిడకు చెప్పి ఉంటే సరిపోయేది. ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను.

వదిన మేనేజరు గదిలో ఉంది. ఆయన ముందు ఈ సంగతి ఎత్తలేక బయటే ఆగాను. ఆవిడ బయటికి వచ్చి, మేమిద్దరం కిందికి దిగేసరికి ముప్పావుగంటైంది. తెర ఖాళీగా ఉంది. కొత్తావిడకు ఆ పూటే ఒక ప్లాను దాచాల్సి ఉంది. తీసెయ్యనా అని మెషిన్ అడిగింది, ఆవిడ సరేనంది. ఆవిడ పేరు మీద ఉన్నవి మరి, ఎవరు కాదంటారు? ఎవరికి ఏ హక్కో రాసిపెట్టే మా వదినే ఆ హక్కు చేతులారా ఇచ్చింది. వదిన కొత్తావిడను ఒక్క మాట కూడా అనలేదు.

"ఒక్కటి మాత్రం ఉంచానండీ. అందులో కొలతలే కాదు, ఎవరితోనో మాట్లాడుతున్నారు. తీసెయ్యడానికి చెయ్యి రాలేదు," అంది కొత్తావిడ.

తేదీ చూశాం. అన్నయ్య పోయాక వచ్చిన సోమవారం, రికార్డరులో ఏముందో వినకుండానే వదిన ఎక్కించిన ఫైలది. వదిన కుర్చీలో కూర్చుంది. హెడ్‌ఫోన్లు చెరొకటి చెవికి పెట్టుకున్నాం.

మంచం నుంచి గోడ, మీటరు పది, అన్నాడు అన్నయ్య. గొంతు సన్నగా ఉంది. కిటికీ, ఒకటి నలభై. పడుకునే, కంటి అంచనాతో తన గదిని కొలుస్తున్నాడు. మంచం నుంచి తలుపు, రెండు మీటర్ల అరవై. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. తర్వాత, ఇంకా సన్నగా:

"తలుపు దగ్గర నువ్వున్నావు. నేను నిద్రపోలేదు. రెండు అరవయ్యే కదా, రా."

ఆ తర్వాత చెప్పుల చప్పుడు, మెల్లగా, వెనక్కి వెళ్లిపోతూ. అవి వదిన ఇంట్లో వేసుకునే చెప్పులు. ఆ నడక నాకు తెలుసు.

"నిద్రపోతున్నాడు, లేపడమెందుకని వచ్చేశాననేదాన్ని కదా నీతో," అంది వదిన. "మెలకువగానే ఉన్నాడని తెలుసు. ఆ మొహం చూడలేక వచ్చేసేదాన్ని."

ఆ ఫైలును నీ పేరు మీదికి మార్చుకో వదినా అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. నా పేరున పెడితే తాళం వేసి, మళ్లీ వినకుండా కూర్చుంటాను, కొత్తావిడ దగ్గరే ఉండనీ, అడిగి వింటాను అంది.

అలాగే చేస్తోంది. రెండు మూడు రోజులకోసారి కొత్తావిడ బల్ల దగ్గర నిలబడి, ఒకసారి వినొచ్చా అని అడుగుతుంది. మా అందరి చేతా బతిమాలించుకున్న మనిషి అలా అడుగుతుంటే నాకు ఏడుపొస్తుంది. కొత్తావిడ వెంటనే లేచి బయటికి వెళ్లిపోతుంది. మర్యాదకోసం అనుకున్నాను. మొన్న అసలు సంగతి చెప్పింది. మొదట్లో రెండుసార్లు పక్కనే ఉండి చూసిందట, ఇక ఉండలేకపోయిందట. ఫైలు అయిపోయాక కూడా వదిన హెడ్‌ఫోన్లు తీయదట. ఏమీ వినిపించని ఆ హెడ్‌ఫోన్లతోనే కూర్చుని, వస్తున్నా, వస్తున్నా అంటుందట.