ఏకగ్రీవ పతకం

నాకు ఈతలో మూడు బంగారు పతకాలున్నాయి. మూడూ ఏకగ్రీవం.

యాభై అయిదు దాటిన ఆడవాళ్ళ వర్గంలో వెల్లకిలా ఈతకు పేరిచ్చేది నేనొక్కదాన్నే. పక్క లేన్లలో నలభైల వాళ్ళూ డెబ్భైల వాళ్ళూ ఈదుతుంటారు గానీ వాళ్ళ పతకాలు వాళ్ళవి. నేను చెయ్యవలసిందల్లా మునిగిపోకుండా అవతలి గోడ ముట్టుకోవడం. ముట్టుకోగానే మైకులో నా పేరు చదివి ప్రథమ స్థానం అంటారు. ద్వితీయ స్థానం అనబోయి, కాగితం తిప్పి చూసుకుని ఊరుకుంటారు.

చిన్నప్పుడు ఇలా ఉండేది కాదు. నాంపల్లి స్టేషన్ వెనక ఉండగా నాన్న నన్ను ఈతలో చేర్పించారు. కాలేజీ పోటీల్లో ఆరుగురిలో నాలుగోదాన్నో అయిదోదాన్నో వచ్చేదాన్ని. పెళ్ళయ్యాక ఎవరూ వద్దనలేదు. ఉద్యోగం, పిల్లలు, ఆబిడ్స్‌లో మా ఇంటికి రోజు విడిచి రోజు వచ్చే నల్లా. ఈదడానికి సరిపోయేన్ని నీళ్ళు చాలా ఏళ్ళు నా కంటపడలేదు. చివరికి భుజం పట్టేసి దవాఖానకు వెళితే డాక్టరమ్మ ఈత కొట్టమంది. ఆమె ఉద్దేశం పోటీలు కాదనుకుంటాను.

ఈత బట్టల కోసం మా వీధి చివరి ఆటవస్తువుల దుకాణానికి వెళితే, మనవరాలి వయసెంత మేడం అని అడిగాడు దుకాణదారు. నా వయసు చెప్పాను. కొలతలు తీసుకోకుండానే ఇచ్చేశాడు.

ఇంట్లో మా అత్తగారికి చెప్పాను, మాస్టర్స్ పోటీలకు వెళ్తున్నానని. ఆమె దృష్టిలో మాస్టరంటే మొజంజాహీ మార్కెట్ దగ్గర రైకలు కుట్టే మనిషి.

"బట్టలు కుట్టేటోళ్లకు ఈతెందుకు బిడ్డా?"

"వాళ్ళు కాదత్తమ్మా. పెద్ద వయసు వాళ్ళ పోటీలు."

"ముసలోళ్ల పోటీలని చెప్పరాదు మరి."

మొదటి బంగారు పతకం తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. తిప్పి చూసి, "ఎంతమంది నిలవడ్డరు?" అంది.

"నేనొక్కదాన్నే."

"అంటే ఏకగ్రీవం."

ఆ మాట ఆమె నోట మామూలుగా రాదు. మా మామగారు వాళ్ళ ఊళ్ళో ఒకసారి సర్పంచ్ అయ్యారు. ఊరంతా రచ్చకట్ట మీద కూర్చుని ఆయన పేరే అనుకున్నారు, రెండో నామినేషన్ పడలేదు. డప్పులు కొట్టారు, దండలు వేశారు. ఆ మర్నాటి నుంచి ఆయనకు ఒకటే ఫికర్. ఎన్నిక జరిగితే నాకు ఓట్లు పడేవా? చాయ్ తాగడానికొచ్చిన ప్రతివాడినీ అడిగేవారట. అందరూ ఎందుకు పడవన్నా అనేవారు, చాయ్ ఆయనదే కాబట్టి. పదవి పోయింది గానీ ఫికర్ పోలేదు. ఆఖరికి మంచాన పడ్డాక భార్యను కూడా అడిగారు, నువ్వన్నా ఏసేటిదానివా అని. "నిలవడ్డప్పుడు సూద్దుము తియ్యి" అందట మా అత్తగారు. ఆయన మళ్ళీ నిలబడలేదు.

కాబట్టి నా పతకం హాల్లో షోకేసుకు వెళ్ళలేదు. అందులో చోటు లేదంది అత్తగారు. చోటుంది. ఫ్రిజ్ మీద మందుల బుట్టలో పెట్టాను. రెండోదీ మూడోదీ అక్కడికే వెళ్ళాయి.

నాకు ఒళ్ళు మండింది, ఆమె అన్నది నిజం కాబట్టి. పతకం మెళ్ళో వేసుకున్న ప్రతిసారీ నేను ఈతలో గెలిచానా, ఎవరూ రాని చోటికి వెళ్ళొచ్చానా అన్నది తేలలేదు. పైగా భుజం మళ్ళీ కటకటమంటోంది. వచ్చే ఏడు చెయ్యి లేస్తుందన్న నమ్మకం లేదు. ఒక్కసారి, ఒక్క మనిషితోనైనా పోటీపడాలి. దేవుణ్ణి ఇంతకన్నా చిన్న కోరిక ఎవరూ కోరి ఉండరు.

నాలుగో ఏడు బయలుదేరుతుంటే అత్తగారు, చలి వెడ్తది తీస్కపో అని తన చద్దరు సంచీలో కుక్కింది. అక్కడికెళ్ళాక తెలిసింది, నా వర్గంలో ఇంకొకామె ఉందని. నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. వెంటనే ఆమెను ఓడించాలనిపించింది.

ఆమె బట్టలు మార్చుకునే గది మూల బెంచీ మీద, ఈత బట్టల మీద చీర చుట్టుకుని కూర్చుని ఉంది. అఫ్జల్‌గంజ్‌లో ఉంటారట. కూతురు పేరిచ్చిందట.

"నాతోని గాదక్కా. మా ఊరి బాయిల ఈదిన గని, గింతమంది ముంగట గీ బట్టలతోని ఎట్ల నడుస్త? నేను పోత ఇంటికి."

"మీరు పోతే నాకు బంగారం ఇస్తారు."

"మంచిదే గదక్కా."

"మంచిది కాదు. మూడున్నాయి ఇంట్లో."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. వెల్లకిలా ఈతలో పైనుంచి దూకే పని లేదని, నీళ్ళలో దిగి గోడ పట్టుకునే మొదలుపెడతామని, దిగాక మెడ కింద ఎవరికీ ఏమీ కనపడదని చెప్పాను. గట్టు దాకా నడవడమొక్కటే సమస్య. దానికి అత్తగారి చద్దరు ఉంది. ఇద్దరం ఒకే చద్దరు కప్పుకుని, నాలుగు కాళ్ళతో గట్టు దాకా నడిచాం. మైకు కాసేపు ఆగింది.

విజిల్ ఊదారు. వెల్లకిలా ఈదేటప్పుడు పక్కవాళ్ళు కనపడరు, ఆకాశం కనపడుతుంది. సగం దూరంలో ఎడమవైపు నుంచి నీళ్ళొచ్చి మొహాన పడ్డాయి. ఆవిడ నీళ్ళు. ఓరగా చూస్తే, రెండు చేతులూ ఒక్కసారే వెనక్కి వేస్తూ తెప్పలా వస్తోంది. చూడటానికి అధ్వాన్నం. నియమాల్లో మాత్రం తప్పులేదు, వెల్లకిలా ఉంటే చాలు. భుజం సంగతి మర్చిపోయి చేతులు విసిరాను. అన్నేళ్ళలో అంత భయపడి, అంత ఆనందంగా నేను ఈదింది లేదు. గోడ ముట్టుకుని తలతిప్పితే ఆమె అప్పటికే గోడ పట్టుకుని ఉంది.

"అయిపోయిందా అక్కా?" అంది.

"ఔ, అయిపోయింది. మీరే గెలిచారు."

మా ఆయన మొత్తం ఫోన్లో వీడియో తీశారు, పక్క లేన్‌లో ఎవరినో. దారిలో మొజంజాహీ మార్కెట్ దగ్గర సీతాఫలం ఐస్‌క్రీమ్ తినిపించి, ఇద్దరిలో రెండోది కూడా మంచి స్థానమేనన్నారు.

ఇంటికొచ్చి తడి చద్దరు, వెండి పతకం అత్తగారి ముందు పెట్టాను.

"ఎంతమంది నిలవడ్డరు?"

"ఇద్దరం."

"ఓడినవా?"

"ఓడాను అత్తమ్మా."

"ఎంతల?"

జానెడు చూపించాను. ఆమె నా చేతిని కాసేపు చూసింది. పతకం తీసుకుని, గోడ పట్టుకుంటూ హాల్లోకి వెళ్ళింది. షోకేసు ముందు ఆగుతుందనుకున్నాను. ఆగకుండా మామగారి ఫోటో దగ్గరికి వెళ్ళి, పూలదండ పక్కన ఆ పతకం తగిలించింది.

"నీకు గీ ఓడుడు గూడ దొరకకపాయె," అంది ఫోటోతో. తర్వాత, నేను వెనకే ఉన్నానన్న సంగతి మర్చిపోయి, "నేనైతె నీకే ఏస్తుంటి" అంది.

ముక్కులో నీళ్ళు పోయాయని మా ఆయనకు చెప్పి, నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.