ముక్కు మేస్త్రి చెప్పిన మాట

మా అక్క మొగుణ్ణి అందరూ ముక్కు మేస్త్రి అనేవారు. బానెట్ ఎత్తి, కార్బురేటర్ మీదికి వంగి ఒక్కసారి వాసన పీల్చి, ఇంజిన్‌కు పెట్రోలు ఎక్కువ పోతోందో తక్కువ పోతోందో చెప్పేవాడు. అందులో ఆయన్ని మించినవాడు లేడు. ఆ సంగతి అందరికంటే ఆయనకే ఎక్కువ తెలుసు, అదే నాకు ఒళ్లుమంట.

ఇప్పుడు కార్బురేటర్ ఉన్న పాత బళ్లెక్కడివి? షెడ్డుకు వచ్చేవి రెండే మిగిలాయి, లెక్కల మాస్టారిదీ పళ్ల డాక్టరుదీ. అవీ పోతే బావ పని పోయినట్టే. పక్కనే పంక్చర్లు వేసుకునే నన్ను చూసి ఆయనే జాలిపడేవాడు.

రెండేళ్ల కిందట జ్వరం వచ్చి తగ్గాక బావకు వాసన తెలియడం పోయింది. పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడట. అక్క నాతో చెప్పి, "ఎవరి దగ్గరా అనకురా, పరువు పోతుంది" అని ఒట్టు వేయించుకుంది. బావ మాత్రం బానెట్ మీదికి వంగడం మానలేదు.

ఒకరోజు మాస్టారు వచ్చారు. ఇంజిన్‌తో తిరిగే పాత పెట్రోలు పంపు పాడైతే, అలాంటిది దొరక్క, బజార్లో బ్యాటరీ పంపు వేయించారు.

"పంపు వేసినవాడు ప్రెజర్ రెగ్యులేటర్ కూడా పెట్టాలంటున్నాడు. కావాలా మేస్త్రీ?"

"ముప్పయ్యేళ్లుగా లేనిది ఇప్పుడెందుకండీ?" అన్నాడు బావ.

పాత పంపుకైతే ఆ మాట నిజమే. అది పెట్రోలును మెల్లగా తోస్తుంది. కొత్తది గట్టిగా తోస్తుంది. కార్బురేటర్‌లో పెట్రోలును ఆపే చిన్న సూది దానికి తట్టుకోలేదు, పెట్రోలు పొంగి బయటికొస్తుంది. ఆ తోపును తగ్గించేదే రెగ్యులేటర్. ఒత్తిడి కొలిచే గేజి పెట్టి చూస్తే రెండు నిమిషాల్లో తేలేది. కానీ గేజి పెట్టేవాడు బావ దృష్టిలో మేస్త్రే కాదు. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

మాస్టారు స్టీరింగ్ దగ్గర కూర్చుని ఇంజిన్ స్టార్ట్ చేశారు. బావ వంగి గట్టిగా పీల్చాడు.

"శుభ్రంగా ఉంది. వెళ్లిరండి."

నాకు పెట్రోలు వాసన గుప్పున కొట్టింది. మాట నోటిదాకా వచ్చింది. మాస్టారి ముందు బావ తల దించుకోవడం చూడలేక బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను.

మూడోనాడు ఆ కారు నడిరోడ్డు మీద తగలబడింది. మాస్టారు బయటపడ్డారు గానీ కుడిచెయ్యి కాలింది. నేను ఆసుపత్రికి వెళితే, "పాత బండి కదా" అన్నారంతే. తిట్టినా బాగుండేది.

బావ షెడ్డుకొచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"ఒరేయ్, ఆ రోజు నువ్వు పక్కనే ఉన్నావుగా. నీకేమన్నా వాసన వచ్చిందా?"

నిజం చెప్తే మనిషి దక్కడనిపించింది. నా తప్పు బయటపడుతుందన్న భయమూ ఉంది, దాచడమెందుకు.

"రాలేదు బావా."

ఆయన ముఖం తేటపడింది. "అయితే పైపేదో ఊడుంటుంది" అన్నాడు.

నెల తిరక్కుండా పళ్ల డాక్టరూ బ్యాటరీ పంపు వేయించుకుని వచ్చి రెగ్యులేటర్ కావాలా అని అదే ప్రశ్న వేశాడు. బావ వంగి పీల్చాడు. శుభ్రంగా ఉందనబోయి ఆగి, నా వైపు తిరిగాడు.

"ఏరా, ఏమన్నా వస్తోందా?"

ఈసారి నోరు కట్టేసుకోలేకపోయాను.

"వస్తోంది బావా. బాగా వస్తోంది."

ఆయన బానెట్ మీద నుంచి నిటారుగా లేచాడు.

"అంటే ఆ రోజూ వచ్చింది."

నేను తల దించుకున్నాను.

"రెగ్యులేటర్ కావాలి డాక్టరుగారూ. బజార్లో వాడి దగ్గరే పెట్టించుకోండి" అని బావ బానెట్ మెల్లగా మూశాడు. ఆ తర్వాత ఆయన షెడ్డు తెరవలేదు, నాతో మాట్లాడనూ లేదు.