గోడ మందం తెలియనిదే

"తమ్ముడూ, మీ బావ ఎల్లిపోనారురా" అని అక్క ఫోనులో అన్నప్పుడు నా ఒళ్లో గ్రంథం తెరిచే ఉంది. ఒక్క వచనమూ కనబడలేదు.

సహోదరులారా, మా బావ చేసిన పని మీలో చాలామందికి తెలియదు. యురేనియంలో రెండు రకాలు కలిసి ఉంటాయి. అందులో అరుదైన రకం వాటా బాగా పెంచితే బాంబు సరుకవుతుంది. ఆ రకం తనదైన గామా కిరణాన్ని విడుస్తుంది. డబ్బా తెరవకుండా, ముక్క కొయ్యకుండా, బయట పరికరం ఆనించి ఆ కిరణాన్ని లెక్కించి, అరుదైన రకం ఏపాటి ఉందో బావ చెప్పేవారు.

నేను వేదిక మీద ఎవరినైనా దుమ్మెత్తిపోసి ఇంటికొస్తే అన్నం కలుపుకుంటూ అడిగేవారు. "తలుపెనకాల మనిషి గొంతు సన్నగా వినబడితే, మనిషి నీరసమా, తలుపు మందమా? సూసుకున్నావేట్రా?"

ఆ మాట నాకు అర్థమైంది గరివిడిలో, పాత ఇనుము షావుకారు కొట్టు ముందు. తుక్కులో ఒక ఇనప పెట్టె దొరికింది. చూడ్డానికి చిన్నది, ఎత్తబోతే నడుం విరిగే బరువు, మీద కిరణాల గుర్తు. బాంబు సరుకు దాచాడని షావుకారును పోలీసులు జీపులో కూర్చోబెట్టారు. ప్రభుత్వ బృందంతో బావ వచ్చారు. తాడు కట్టి జనాన్ని ఆపారు. ఇవతల నేను, నా పక్కన షావుకారు భార్య.

బావ పరికరం ఆనించారు. తెర మీద గీత కొంచెమే లేచింది.

"అరుదైన రకం మామూలు యురేనియంలో ఉండేదాని కన్నా తక్కువే" అన్నాడు తోటి అధికారి. షావుకారును దింపడానికి ఎస్సై జీపు తలుపు మీద చెయ్యి వేశాడు.

"ఆగండి" అన్నారు బావ. "ఇనుము కొంత కిరణాన్ని మింగేస్తాది. గోడ మందం తెలీకుండా నేను మాట సెప్పను."

"తక్కువన్నాక ఇంకేటి కావాలి బాబూ? ఒదిలీండి మాయన్ని!" అని ఆమె ఏడ్చింది.

దొంగ త్రాసుల మీద వేదికెక్కి గొంతు చించుకున్నవాణ్ణి, ఊరుకుంటానా? "బావా! నిర్దోషి ఉసురు నీ నెత్తినుంటాది! సెప్పీ!"

"ఒరే, నువ్వరిస్తే గోడ పల్సబడతాదేట్రా? ఆ గొంతు ఆదివారానికి దాసుకో."

మందం కొలిచే మరో పరికరాన్ని బావ పెట్టెకు ఆనించారు. గోడ అనుకున్నదాని కన్నా మందం. గోడ మింగిన కిరణం కలిపేకొద్దీ అరుదైన రకం లెక్క పైకి ఎక్కసాగింది. నేను ప్రార్థన మొదలుపెట్టి మాటలు మరిచాను. బావ ఇంకో పక్క కొలిచారు. మళ్లీ లెక్క వేశారు.

"గోడ మింగింది కలిపినా తక్కువే. అరుదైన రకం తీసేశాక మిగిలిన పిప్పి ఇది. ఇనప గొట్టాల అతుకులు పరీక్షించే పాత యంత్రంలో కిరణాలకి అడ్డుగా పెడతారు. బాంబు సరుకు కాదు. ఆ యంత్రం ఎవుడిదో ఎతకండి."

ఎస్సై జీపు తలుపు తెరిచాడు.

సత్యానికి నిప్పులాంటి నోరు చాలనుకునేవాణ్ణి. మనం కోరిన జవాబే ఎదుట నిలిచినా, దాన్ని మరోసారి నిలదీసే గుండె కావాలి. అది ఏ ప్రసంగంలోనూ నాకు దొరకలేదు.

బావ తుక్కు మీద కూలబడ్డారు. షావుకారు భార్య గ్లాసుతో నీళ్లిచ్చింది. గ్లాసు బావ చేతిలో నిలవక నీళ్లు చొక్కా మీద ఒలికాయి. జీపు దిగివచ్చిన షావుకారు, పొద్దుటినుంచి గుక్క నీళ్లు తాగని మనిషి, ఆ గ్లాసు అందుకుని మా బావ పెదవులకు ఆనించి పట్టుకున్నాడు.